మామిడి కారమెల్ పాకం – వంటింట్లో ఒక రసాయనశాస్త్ర పాఠం

మన హాస్టళ్ళకు వేసవి సెలవులు ఇచ్చేసరికి ఊళ్ళలో మామిడి కోతలు మొదలై ఉంటాయి. గాలివానకు రాలిన కాయలు, బుట్టలో నలిగిన పండ్లు, సైజు చాలదని పక్కన పెట్టిన పండ్లు మార్కెట్టులో ధర పలకవు. మాగిన పండును నాలుగైదు రోజుల్లో తినాలి, లేదా దిబ్బలో పోయాలి. కాపు ఎక్కువైన ఏడు మంచి కాయకు కూడా ఇదే గతి పడుతుంది. 2025 జూన్‌లో చిత్తూరు జిల్లాలో తోతాపురి ధర ఎంత పడిపోయిందంటే, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇస్తే దానికి ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు అందేలా చూడవలసి వచ్చింది. మనలో చాలామంది తల్లిదండ్రులు ఆ తోటల్లో కోత కూలీలుగానో, కాపలాదారులుగానో, చిన్న రైతులుగానో పనిచేసేవారే. కాబట్టి పండును నిలవ చేయడం మనకు కాలక్షేపపు విషయం కాదు.

పండును నిలవ చేయడానికి మన పెద్దలకు తెలిసిన దారులు మూడు. ఒకటి ఉప్పు, నూనె: ఆవకాయ, మాగాయ అలా నిలుస్తాయి. రెండోది ఎండ: ఆత్రేయపురం మామిడి తాండ్ర అలా తయారవుతుంది. మూడోది తీపి పాకం. ఈ వ్యాసంలో మూడో దారిని తీసుకుని, మామిడి గుజ్జు, ఎర్రగా కాచిన పంచదార, శొంఠి, ఏలకులతో చపాతీ మీద, బ్రెడ్డు మీద రాసుకునే పాకం ఎలా చేయాలో, అది ఎందుకు పాడవకుండా ఉంటుందో వివరిస్తాను. చేసే పద్ధతి ఎవరైనా చెబుతారు. దాని వెనుక కారణం కూడా తెలిస్తే, రేపు పండు మారినా, కొలత మారినా మీరే సరిచేసుకోగలరు.

1. పాకం అంటే ఏమిటి?

మంచినీళ్ళు సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతాయి. అందులో పంచదార కరిగిస్తే అంతకంటే ఎక్కువ వేడి దగ్గర మరుగుతాయి. ఇంటర్మీడియట్ ‘ద్రావణాలు’ పాఠంలో మనం చదివే మరిగే స్థానం పెరుగుదల ఇదే. నీరు ఆవిరైపోతున్నకొద్దీ పంచదార వంతు పెరుగుతుంది, దానితో పాటు మరిగే వేడి కూడా పెరుగుతూ పోతుంది. అంటే పాకం ఎంత వేడి దగ్గర మరుగుతోందో తెలిస్తే అందులో నీరు ఎంత మిగిలిందో తెలిసినట్టే.

వేళ్ళ మధ్య తీగలా సాగే తీగ పాకం సుమారు 106 నుంచి 112 డిగ్రీల మధ్య వస్తుంది. చన్నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ కట్టే పాకం 112 నుంచి 116 డిగ్రీల మధ్య ఉంటుంది. అరిసెలకు కావలసింది ఈ ఉండ పాకమే. నీళ్ళలో వేయగానే గట్టిపడి టక్కున విరిగే ముదురు పాకం 146 నుంచి 154 డిగ్రీల దగ్గర వస్తుంది. హాస్టల్లో సాయంత్రం ఇచ్చే పల్లీ చిక్కీ పళ్ళ కింద పటపటలాడిందంటే దాని పాకం ఆ మెట్టు దాకా వెళ్ళిందన్నమాట.

మా అమ్మ బడికి వెళ్ళలేదు. సంక్రాంతికి అరిసెల పాకం పట్టేటప్పుడు పళ్ళెంలో నీళ్ళు పెట్టుకుని, రెండు చుక్కలు వేసి, వేలితో కూడగట్టి చూసి ‘దించెయ్’ అంటుంది. నేను ఎం.ఎస్సీ. ల్యాబ్‌లో థర్మామీటరుతో చూసి చెప్పే మాట, ఆమె వేలితో చూసి చెప్పే మాట ఒకటే. తేడా ఏమిటంటే, ఆమె లెక్క వేలిలో ఉంది, కాబట్టి పక్కవాళ్ళు నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. అంకెల్లో రాసిన లెక్కను ఎవరైనా ఒక్క రోజులో నేర్చుకుంటారు. చదువుకున్న మనం చేయవలసిన పని ఆ లెక్కను రాసి పెట్టడమే. ఇంట్లో వాళ్ళకు ఏమీ తెలియదనుకోవడం మాత్రం చదువు కాదు.

2. ఎర్ర రంగు, ఆ వాసన ఎక్కడివి?

పంచదార అణువులో 12 కార్బన్, 22 హైడ్రోజన్, 11 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. నీరంతా పోయాక దాన్ని ఇంకా వేడి చేస్తే సుమారు 160 డిగ్రీలు దాటాక రంగు మారడం మొదలవుతుంది. అప్పుడు అణువులు విరుగుతూ, నీటిని వదులుతూ, ఒకదానితో ఒకటి కలుస్తూ పోతాయి. రెండు పంచదార అణువులు కలిసి నాలుగు నీటి అణువులను వదిలితే కారమెలాన్, మూడు కలిసి ఎనిమిది నీటి అణువులను వదిలితే కారమెలెన్ అనే గోధుమ రంగు పదార్థాలు వస్తాయని పుస్తకాల్లో ఉంటుంది. వీటితో పాటు డయాసిటైల్, మాల్టాల్ వంటి వాసననిచ్చే పదార్థాలు కూడా పుడతాయి. వెన్న వాసన, కాలిన చక్కెర వాసన వాటివే. ఈ మార్పునే కారమెలీకరణం అంటారు.

కోవా ఎర్రబడటం దీనికి పూర్తిగా వేరు. అక్కడ పాలలోని ప్రొటీన్లు, చక్కెర కలిసి రంగు మారతాయి. దీన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త లూయి కామిల్ మయార్ 1912లో వివరించాడు కాబట్టి మయార్ చర్య అంటారు. మనం చేసే పాకంలో పాలు పోయం. పాలు పోస్తే రుచి బాగానే ఉంటుంది, కానీ నిలవ ఉండే రోజులు తగ్గిపోతాయి.

3. నిమ్మరసం ఎందుకు?

మిఠాయి చేసేవాళ్ళు పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతారు. అలా చేస్తే పాకం చల్లారాక పంచదార కట్టదు. దీని వెనుక జరిగేది జలవిశ్లేషణ. ఆమ్లం, వేడి కలిసినప్పుడు ఒక్కొక్క పంచదార అణువు విరిగి ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు అవుతుంది. మూడు రకాల చక్కెరలు కలగలిసి ఉన్నచోట పంచదార స్ఫటికాలు సులభంగా పేరుకోలేవు.

ఈ మిశ్రమానికి ‘విలోమ చక్కెర’ అని పేరు ఎలా వచ్చిందో పరీక్షలో అడుగుతారు. పంచదార ద్రావణం ధ్రువిత కాంతిని కుడివైపుకు తిప్పుతుంది. దాని విశిష్ట భ్రమణం +66.5 డిగ్రీలు. గ్లూకోజుది +52.7, ఫ్రక్టోజుది సుమారు –92. రెండూ సమానంగా కలిస్తే సగటు సుమారు –20. కుడివైపు తిరిగేది ఎడమవైపుకు తిరిగింది, అందుకే విలోమం. ఈ సంగతి బట్టీ పట్టేకంటే, గులాబ్‌జామ్ పాకంలో నిమ్మ పిండేటప్పుడు ఒకసారి తలచుకోండి, ఇక మరిచిపోరు.

4. కావలసినవి

జల్లించిన మామిడి గుజ్జు 500 గ్రాములు (దీనికి సుమారు కిలో పండ్లు పడతాయి)
పంచదార 400 గ్రాములు (250, 150గా రెండు వంతులు చేసుకోవాలి)
నీళ్ళు పావు గ్లాసు
నిమ్మరసం 30 మిల్లీలీటర్లు (రెండు పెద్ద చెంచాలు)
శొంఠి పొడి అర చెంచా, ఏలకులు 6, లవంగాలు 2, మిరియాల పొడి చిటికెడు
ఉప్పు చిటికెడు
నెయ్యి ఒక పెద్ద చెంచా

బంగినపల్లి అయితే పీచు ఉండదు. చిన్న రసం, పెద్ద రసం అయితే వాసన బాగుంటుంది గానీ పీచు ఎక్కువ, జల్లెడలో వేసి రుద్దాలి. కోస్తాలో కలెక్టరు కాయ అనే తోతాపురి కూడా పనికొస్తుంది. నలిగిన పండును వాడవచ్చు. కుళ్ళిన పండును, బూజు పట్టిన పండును వాడకూడదు. మరిగిస్తే అన్నీ పోతాయనుకోవద్దు, కొన్ని బూజుల విషాలు మరిగించినా పోవు.

గిన్నె అడుగు మందంగా ఉన్న స్టీలుదై ఉండాలి. పులుపు తగులుతుంది కాబట్టి కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెలు వాడకూడదు.

5. చేసే పద్ధతి

ముందుగా ఖాళీ గిన్నెను గరిటెతో సహా తూచి బరువు రాసుకోండి. ఇది మరిచిపోతే తరువాతి లెక్క కుదరదు.

గుజ్జులో 150 గ్రాముల పంచదార, నిమ్మరసం, ఉప్పు కలిపి వేరే గిన్నెలో వేడి చేసి సిద్ధంగా పెట్టుకోండి. మరగనక్కరలేదు, పొగలు వస్తే చాలు.

తూచిన గిన్నెలో మిగిలిన 250 గ్రాముల పంచదార, పావు గ్లాసు నీళ్ళు పోసి మధ్యస్థమైన మంట మీద పెట్టండి. పంచదార కరిగేదాకా కలపండి. మరగడం మొదలయ్యాక గరిటె పెట్టకుండా గిన్నెనే మెల్లగా అటూ ఇటూ తిప్పండి. కలుపుతూ ఉంటే స్ఫటికాలు కడతాయి. బుడగలు పెద్దవై, చిక్కబడి, ముందు లేత పసుపు, తరువాత తేనె రంగు వస్తుంది. చిక్కటి టీ డికాషన్ రంగు రాగానే మంట ఆపెయ్యండి. ఈ చివరి దశ అర నిమిషంలో అయిపోతుంది, కాబట్టి పక్కకు వెళ్ళకూడదు. నల్లబడితే చేదు వస్తుంది, ఆ చేదు ఇక పోదు.

ఇప్పుడు వేడి గుజ్జును ఒక్కొక్క గరిటె చొప్పున పోయండి. ఇది ఈ వంటలో అన్నిటికంటే ప్రమాదకరమైన ఘట్టం. కారమెల్ 170 డిగ్రీల దగ్గర ఉంటుంది. గుజ్జులోని నీరు తగలగానే ఆవిరవుతుంది. ఆవిరైన నీరు దాదాపు 1,600 రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అందుకే అది బుస్సున పొంగి చిందుతుంది. గిన్నె లోతుగా ఉండాలి, గరిటె పొడవుగా ఉండాలి, మొహం దూరంగా ఉండాలి, చిన్నపిల్లలు దగ్గర ఉండకూడదు. గుజ్జును ముందే వేడి చేయమన్నది కూడా ఈ చిందడం తగ్గడానికే. కొంత కారమెల్ గడ్డకట్టినా కంగారు పడకండి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి కలిపితే కరిగిపోతుంది.

తరువాత సన్నని మంట మీద అడుగంటకుండా కలుపుతూ ఇగరబెట్టాలి. ఏలకులు, లవంగాలు కాస్త వేయించి పొడి చేసి పెట్టుకుని, దించడానికి రెండు నిమిషాల ముందు శొంఠి, మిరియాల పొడితో కలిపి వేయండి. ఏలకుల్లోని సినియోల్, లవంగంలోని యూజినాల్ తేలికగా ఆవిరైపోయే నూనెలు. మొదట్లోనే వేస్తే వాసన వీధిలోకి పోతుంది, సీసాలోకి రాదు. చివరగా నెయ్యి కలపండి.

6. ఎప్పుడు దించాలి?

ఇక్కడే లెక్క ఉపయోగపడుతుంది. మామిడి గుజ్జులో కరిగి ఉన్న ఘనపదార్థం, అంటే ముఖ్యంగా చక్కెర, సుమారు 16 శాతం అనుకుందాం. 500 గ్రాముల్లో అది 80 గ్రాములు. పంచదార 400 కలిపితే 480. కారమెల్ అయ్యేటప్పుడు కొంత నీటి రూపంలో పోతుంది కాబట్టి 470 అని లెక్కపెట్టుకుందాం. పాకంలో ఇది 67 శాతం కావాలి. 470ను 0.67తో భాగిస్తే సుమారు 700. అంటే పాకం 700 గ్రాములకు దిగగానే దించాలి. గిన్నె, గరిటె బరువుకు 700 కలిపి కాగితం మీద రాసుకుని, మధ్యమధ్యలో గిన్నెను తూచి చూడటమే. నెయ్యి మాత్రం తూచాకే వేయాలి.

కాటా లేనివాళ్ళు నిలువు గోడల గిన్నెలో గుజ్జంతా కలిపాక, ఇగరబెట్టకముందే, ఒక శుభ్రమైన పుల్ల ముంచి తడి ఎంతవరకు ఉందో గీత పెట్టుకోవాలి. ఆ ఎత్తును పది భాగాలు చేస్తే, పాకం ఏడో భాగానికి దిగినప్పుడు సరిపోతుంది. పెద్దవాళ్ళు ‘మూడోవంతు ఇగరనివ్వు’ అనే మాట ఇదే.

వంటకు వాడే థర్మామీటరు ఉంటే మరిగే నీళ్ళ కంటే 5 డిగ్రీలు ఎక్కువ వచ్చేదాకా చూడాలి. మచిలీపట్నంలో అది 105 డిగ్రీలు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాదులో నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి అక్కడ 103 చాలు. ల్యాబ్‌లోని పాదరసం థర్మామీటరును మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వంటలో ముంచకండి.

ఇంటర్ విద్యార్థులకు ఒక లెక్క. 470 గ్రాములూ పంచదారే అనుకుంటే, అణుభారం 342 కాబట్టి 1.37 మోల్‌లు. నీరు 230 గ్రాములు. మోలాలిటీ సుమారు 6. దాన్ని 0.52తో గుణిస్తే పెరుగుదల 3.1 డిగ్రీలే వస్తుంది. నిజంగా 5 డిగ్రీలు వచ్చింది. ఎందుకు? ఒకటి, ఆ సూత్రం పలచని ద్రావణాలకే సరిగ్గా వర్తిస్తుంది, ఇది బాగా చిక్కని ద్రావణం. రెండు, ఒక పంచదార అణువు విరిగి రెండవుతోంది, కణాల సంఖ్య పెరుగుతోంది. సూత్రం ఎక్కడ ఆగిపోతుందో తెలియడం కూడా సూత్రం తెలియడంలో భాగమే.

7. ఎందుకు పాడవదు?

రెండు కాపలాలు ఉన్నాయి. మొదటిది చక్కెర. 67 శాతం పాకంలో నీరు ఉన్నా అది సూక్ష్మజీవులకు అందదు. అందుబాటులో ఉన్న నీటిని కొలిచే అంకె సుమారు 0.85కు పడిపోతుంది. చాలా బాక్టీరియాలకు అది 0.9 పైన ఉండాలి. రెండోది పులుపు. ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేసే క్లాస్ట్రిడియం బొటులినం అనే బాక్టీరియా పి.హెచ్. 4.6 కంటే తక్కువ ఉన్నచోట పెరగలేదు. బాగా మాగిన మామిడిలో పులుపు తగ్గి ఆ గీతకు దగ్గరవుతుంది. అందుకే నిమ్మరసాన్ని రుచికని తగ్గించకూడదు. ఆరోగ్యానికని పంచదారను సగం చేయకూడదు. అలా చేస్తే కాపలావాళ్ళను ఇంటికి పంపినట్టే. తీపి తక్కువ కావాలంటే తక్కువ రాసుకుని తినండి.

కొన్ని బూజులు, ఈస్టులు మాత్రం ఈ రెండు కాపలాలనూ దాటగలవు. అందుకని గాజు సీసాలను పది నిమిషాలు నీళ్ళలో మరిగించి, తడి లేకుండా ఆరబెట్టి, అవి వేడిగా ఉండగానే పాకం వేడివేడిగా నింపి మూత బిగించాలి. ఒక పెద్ద సీసా కంటే మూడు చిన్న సీసాలు మేలు. తడి చెంచా పెట్టకూడదు. ఫ్రిజ్ ఉంటే రెండు నెలలు బాగుంటుంది. లేనివాళ్ళు సీసా తెరిచాక వారం పది రోజుల్లో అయిపోయేలా చూసుకోవాలి. బుడగలు, పులిసిన వాసన, బూజు కనిపిస్తే పైపైన తీసి తినకుండా సీసా మొత్తం పారేయాలి.

8. మరికొన్ని జాగ్రత్తలు

వేడి పాకం చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. కాలితే వెంటనే చల్లని పారే నీటి కింద 20 నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఐసుముక్కలు పెట్టకూడదు. పొక్కులు ఎక్కువగా వచ్చినా, మొహం కాలినా ఆసుపత్రికి వెళ్ళాలి.

జామ, అనాసలతో ఇదే పద్ధతి కుదురుతుంది. జామలో పెక్టిన్ ఎక్కువ కాబట్టి త్వరగా చిక్కబడుతుంది. సీతాఫలం పనికిరాదు, మరిగిస్తే చేదు వస్తుంది. పంచదారకు బదులు బెల్లాన్ని నేరుగా కారమెల్ చేయబోతే త్వరగా మాడిపోతుంది. బెల్లం రుచి కావాలంటే గుజ్జులో వేసే 150 గ్రాముల పంచదారకు బదులు బెల్లం వేయండి. మరీ తెల్లగా మెరిసే బెల్లం కంటే ముదురు రంగు బెల్లం తీసుకోండి.

ఒక పెద్ద చెంచా పాకం 20 గ్రాములైతే అందులో సుమారు 13 గ్రాములు చక్కెరే. రోజు మొత్తం మీద విడిగా చేరే చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. కాబట్టి రోజుకు ఒక చెంచా చాలు. ఇంట్లో షుగరు వ్యాధి ఉన్నవాళ్ళకు ఇది తగదు.

అమ్మో, వదినో, డ్వాక్రా సంఘమో దీన్ని అమ్మకానికి చేయాలనుకుంటే ఆహార భద్రతా సంస్థ వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. జామ్‌లో పండు 45 శాతానికి, కరిగిన ఘనపదార్థం 65 శాతానికి తగ్గకూడదని మన దేశ నిబంధనలు చెబుతున్నాయి. 500 గ్రాముల గుజ్జుతో చేసిన మన 700 గ్రాముల పాకంలో పండు 71 శాతం, ఘనపదార్థం 67 శాతం. కొలతలు రాసి పెట్టుకున్నవాళ్ళే ఈ మాట ధైర్యంగా చెప్పగలరు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ వేసవిలో ఒక నోటుపుస్తకం తీసుకోండి. పండు రకం, గుజ్జు బరువు, పంచదార, ఇగిరాక వచ్చిన బరువు, ఎన్ని రోజులు నిలిచింది అనే ఐదు గళ్ళు గీయండి. మూడుసార్లు చేసి మూడు వరుసలు నింపండి. పక్కన అమ్మను కూర్చోబెట్టుకుని ఆమె వేలితో చూసి చెప్పిన పాకాన్ని, మీ కాటా చెప్పిన బరువును ఒకే వరుసలో రాయండి. జూన్‌లో హాస్టలుకు తిరిగి వచ్చేటప్పుడు ఒక సీసాతో పాటు ఆ పుస్తకం కూడా తెచ్చుకోండి. సీసా నాలుగు రోజుల్లో గదిలో అందరూ కలిసి ఖాళీ చేస్తారు. పుస్తకం మాత్రం మీ తరువాత ఈ హాస్టల్లో చేరే పిల్లలకు కూడా పనికొస్తుంది.